యాత్రికులు పెట్టిన పేర్లు

యాత్రాగ్రంథానికి సాహిత్యంలో ఏ పీట వేయాలో మన విమర్శకులు ఇంకా తేల్చుకోలేదు. నవలకు, నాటకానికి, ఖండకావ్యానికి లక్షణాలు చెప్పినవారు పెక్కుమంది ఉన్నారు. యాత్రాగ్రంథం మాటకు వచ్చేసరికి శైలి సులభంగా ఉన్నదనీ, చదువుతున్నంతసేపూ ఆ దేశంలో మనమే తిరుగుతున్నట్లు తోచినదనీ రెండు మాటలు చెప్పి చేతులు దులుపుకొంటాము. ఆ మెప్పులో అసత్యం లేకపోవచ్చును. కాని గ్రంథకర్త అక్కడ దేనిని చూచినాడు, దేనిని చూడక దాటిపోయినాడు, చూచినదానిని మన భాషలోనికి తెచ్చేటప్పుడు దానికి ఏమి చేసినాడు అన్న ప్రశ్నలు ఆ మెప్పు చాటున మిగిలిపోతున్నవి.

ఈ ప్రశ్నలకు సమాధానం వెదకటానికి నేనొక చిన్న కొలబద్దను ఎన్నుకొన్నాను. పరదేశంలో కనబడిన నదికో, నగరానికో, మృగానికో, మనిషికో యాత్రికుడు ఏ పేరు పెట్టినాడు? ఎవరి నోట విన్న పేరును వ్రాసుకొన్నాడు? తన ఇంటినుంచి ఏ పేరును మూటగట్టుకొని పోయినాడు? పేరు పెట్టడమంటే ఒక వస్తువుతో బంధుత్వం కలుపుకోవటం. దానిమీద హక్కు చెప్పుకోవటం కూడా పేరుతోనే మొదలవుతుంది. ఈ రెండింటి నడుమనున్న గీత బహు సన్ననిది. మన మంచి యాత్రికులు సైతం ఒక్కొక్కసారి ఎరుకలేకుండానే దానిని దాటినారు.

తెలుగు పాఠకులకు ఈ విషయంలో ఒక మేలైన మాదిరి ఇంటనే ఉన్నది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి బయలుదేరి కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చినారు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయినది. ఆయన సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. ఒకరి మాటను మరియొకరికి చెడకుండా అందించటమే వృత్తిగా గలవారు. మజిలీ మజిలీకి ఊరి పేరు, దూరం, నీటి వసతి, అంగళ్ళు, దారి బాగోగులు వ్రాసిపెట్టినారు. తన వెనుక వచ్చేవానికి పనికి రావాలన్నదే ఆ గ్రంథం దృష్టి. పేరు అక్కడ దారి చూపే గుర్తు మాత్రమే. స్వదేశంలో నడచినవారికి ఇది సాధ్యమయినది. సముద్రం దాటినవారికి పేరు ఇంత తేలికగా లొంగలేదు.

1927లో రవీంద్రనాథ ఠాకూరు జావా, బాలి ద్వీపాలకు పోయినారు. వెంట భాషాశాస్త్రవేత్త సునీతికుమార్ చటర్జీ ఉన్నారు. దానికి సంవత్సరం ముందే, 1926లో, కలకత్తాలో బృహత్తర భారత పరిషత్తు ఏర్పడినది. ఆసియాలో భారతీయ సంస్కృతి వ్యాపించిన తీరును పరిశోధించటం దాని ఉద్దేశ్యం. ఆ ఒక్క ప్రయాణం నుంచి వంగభాషకు రెండు గ్రంథాలు వచ్చినవి. 1929లో వెలువడిన రవీంద్రుల గ్రంథం పేరు 'జావా-జాత్రిర్ పత్ర'. అనగా జావాకు పోయిన ఒక యాత్రికుని లేఖలు. సునీతిబాబు గ్రంథం పేరు 'ద్వీపమయ భారత్', ద్వీపరూపమైన భారతదేశం. మొదటి పేరులో ఉన్నది ప్రయాణం చేసిన మనిషి, వ్రాసిన ఉత్తరం. రెండవ పేరులో ఉన్నది దేశం, అదీ మన దేశం.

సునీతిబాబు గ్రంథం తన శీర్షిక కంటె చాలా ఉదారమైనదని నేను ముందుగానే చెప్పుకోవాలి. భాష తెలిసినవాని చెవి, దినచర్య వ్రాసేవాని ఓపిక అందులో కలిసి ఉన్నవి. అయినా శీర్షిక చదివిన పాఠకుడు పుస్తకం తెరవక ముందే ఒక తీర్పు విన్నవాడవుతున్నాడు. రవీంద్రులూ బోరోబుదూరు స్తూపం ఎదుట నిలిచి మన ప్రాచీనులను తలచుకొన్నవారే. కాని ఆయన లేఖలలో రాళ్ళ కంటె మనుషులే ఎక్కువ మెదలుతారు. మన భారత రామాయణ కథలు అక్కడివారి ఒంట్లోకి ఇంకి నృత్యమై బయటకు రావటం ఆయనను పట్టి నిలిపినది. జావా తోలుబొమ్మలాటలో సెమార్ అని ఒక పాత్ర ఉన్నాడు. లావుపాటి బానపొట్టవాడు, పాండవుల సేవకుడు, హాస్యగాడు. జావావారి నమ్మకం ప్రకారం అతడు నిజానికి దేవుడు, బటార గురువని వారు పిలిచే శివునికి అన్న. వ్యాసునికి ఇతడు తెలియడు, వాల్మీకికి తెలియడు. జావావారికి మాత్రం అతడు లేనిదే భారతం లేదు. 'ద్వీపమయ భారత్' అన్న పేరులో ఈ సెమార్‌కు చోటెక్కడ?

జావాలోనైతే భారతీయ యాత్రికునికి ఊతగా పట్టుకోవటానికి రాముడు, అర్జునుడు ఉన్నారు. తూర్పు ఆఫ్రికాలో ఆ ఊతం లేదు. అందుకే అక్కడ పెట్టిన పేర్లలో యాత్రికుని స్వభావం మరింత తేటగా కనబడుతుంది. ఈ వ్యాసంలో తక్కిన భాగమంతా ఆ నేల మీదనే నడుస్తుంది.

కాకా కాలేల్కర్‌గారు 1885లో సతారాలో పుట్టిన మహారాష్ట్రులు. గుజరాతీలో వ్రాసి, గుజరాతీల కంటె ఎక్కువ గుజరాతీ అనిపించుకొన్నవారు. యౌవనంలో స్వామి ఆనంద్‌తో కలిసి హిమాలయాలలో కాలినడకన తిరిగి, గంగోత్రి, యమునోత్రి చూచి వచ్చినారు. 1924 నాటి 'హిమాలయనో ప్రవాస్' ఆ నడకలో నుంచి పుట్టినదే. నదులను ఆయన 'లోకమాత'లన్నారు. ఆ పేరుతోనే ఒక గ్రంథం వ్రాసినారు. ఇట్టి మనిషి అరవయ్యో పడి దాటిన తరువాత, 1950 ప్రాంతంలో, తూర్పు ఆఫ్రికాకు పోయినారు. 'పూర్వ ఆఫ్రికామాఁ' అన్న యాత్రాగ్రంథం 1951లో వచ్చినది. నైలునది విక్టోరియా సరస్సు నుంచి బయలుదేరే చోటును చూచి ఆయన పెట్టిన పేరు నీలోత్రి. తరువాత నదులు, సముద్రాలు, జలపాతాల మీది వ్యాసాలను 'జీవనలీల'గా కూర్చినప్పుడు అందులో ఒక వ్యాసానికి అదే శీర్షిక.

ఒక్క మాటలో ఇంత దూరం ప్రయాణం చేసిన పేరు మన యాత్రాసాహిత్యంలో మరియొకటి లేదని నా అభిప్రాయం. గంగోత్రి, యమునోత్రి, నీలోత్రి. మూడవ పేరు మొదటి రెండింటి ప్రక్కన కూర్చోగానే ఉగాండా మన తీర్థాల వరుసలోనికి వచ్చేసినది. పాఠకుడు ఆఫ్రికా పటం విప్పనక్కరలేదు. అతని మనస్సులో మంచు కరిగే చప్పుడు అప్పటికే వినబడుతున్నది. అయితే అక్కడ మంచు లేదు. భూమధ్యరేఖ దరిదాపులో ఒక మహాసరస్సు అంచున రాళ్ళమీదుగా నీరు జారిపడే చోటు అది. పేరు బంధుత్వాన్ని ఇచ్చినది. దృశ్యాన్ని కొంచెం కప్పినది.

ఆ చోటికి అంతకుముందే రెండు పేర్లున్నవి. గాండా ప్రజలు దానిని 'రాళ్ళు' అనేవారు. ప్రక్కనే పెరిగిన జింజా పట్టణానికి ఆ పేరే నిలిచినది. జింజా అంటే రాయి. 1862 జులై 28న జాన్ హానింగ్ స్పీక్ అనే ఆంగ్లేయుడు అక్కడికి చేరినాడు. స్థానికులు రాళ్ళంటున్నారని తానే వ్రాసుకొని, ఆ చోటికి రిపన్ జలపాతమని పేరు పెట్టినాడు. తన యాత్ర ఏర్పాటైననాడు లండను రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీకి అధ్యక్షుడుగా ఉన్న ప్రభువు పేరది. 1880లో మనకు వైస్రాయిగా వచ్చి, స్థానిక స్వపరిపాలన ప్రసాదించినాడని మనవారు తలకెత్తుకొన్న రిపన్ ప్రభువూ ఈయనే. మద్రాసులోని రిపన్ భవనానికీ, నైలునది పుట్టుకకూ ఒకే మనిషి పేరు పెట్టినారన్నమాట. ఆయన ఆ జలపాతాన్ని కోరలేదు, జలపాతం ఆయనను కోరలేదు.

స్పీక్ పేరు పటంలోనికి ఎక్కినది. కాలేల్కర్ పేరు పటంలోనికి ఎక్కాలని కోరలేదు. ఈ భేదాన్ని విమర్శకుడు మరువరాదు. అధికారం ఉన్నవాడు పెట్టిన పేరు శాసనం. భక్తుడు పెట్టిన పేరు సంబోధన. కాని నన్ను చాలాకాలంగా వేధిస్తున్న సందేహం ఒకటున్నది. సంబోధించేవాడు తాను పిలుస్తున్న పేరునే వింటాడా, ఎదుటివారు చెప్పే పేరునూ వింటాడా? తీర్థయాత్రికుని చూపు నీటిమీద నిలుస్తుంది. ఒడ్డున వల వేసే బెస్తవాడు, తోటలో అరటిగెల కోసే స్త్రీ ఆ చూపుకు దృశ్యంలో అలంకారాలుగా మిగిలిపోయే ప్రమాదమున్నది. తీర్థం అన్న భావనలోనే ఈ లోపం ఇమిడి ఉన్నది. కాలేల్కర్‌గారి సహృదయం దానిని తగ్గించగలిగినదే గాని పూర్తిగా తొలగించలేదు. 1948లో గాంధీజీ చితాభస్మంలో కొంతభాగం జింజా దగ్గర నైలులో కలిపినారు. కాలేల్కర్ వంటి గాంధేయునికి ఆ తరువాత ఆ నీరు నీరుగా మాత్రమే కనబడటం సాధ్యం కాదన్న సంగతి కూడా ఇక్కడ తలచుకోవాలి.

కొన్నేండ్ల క్రితం నేను జింజాకు పోయినప్పుడు సంచిలో 'జీవనలీల' హిందీ ప్రతి ఉన్నది. పడవవానిని జలపాతం ఎక్కడ అని అడిగినాను. అతడు తెడ్డు ఆపి, నీటి క్రిందికి వ్రేలు చూపినాడు. నిజమే. దిగువన ఓవెన్ జలపాతం దగ్గర కట్టిన ఆనకట్ట 1954లో ప్రారంభమైన తరువాత నీటిమట్టం పెరిగి రిపన్ జలపాతం మునిగిపోయినది. ఇంకా దిగువన, బుజగలి అనే దైవం పేరు మోసిన మరియొక జలపాతం 2012లో పూర్తయిన మరొక ఆనకట్టలో మునిగినది. కాలేల్కర్ చూచిన నీలోత్రి నేడు ఆయన పుటలలో తప్ప ఎక్కడా లేదు. రిపన్ పేరుకు జలపాతం పోయినది. రాళ్ళు నీటి అడుగున ఉన్నవి. ఊరు వాటి పేరును మోస్తున్నది. పడవవాడు తనకు పని దొరికేది ఆ పేరు వల్లనే అన్నట్లు నవ్వి, ఒడ్డున గాంధీజీ ప్రతిమ ఉన్న వైపు పడవ త్రిప్పినాడు. 1997లో అప్పటి ప్రధాని గుజ్రాల్ ఆవిష్కరించిన ప్రతిమ అది. ఊరిలోని అంగళ్ళ వీధిలో పాత మేడల నుదుట గుజరాతీ పేర్లు, కట్టిన సంవత్సరాలు ఇంకా చదువవచ్చును. 1972లో ఇదీ అమీన్ ఆసియావారందరికీ 90 దినాల గడువు ఇచ్చి దేశం నుంచి వెళ్ళగొట్టినప్పుడు ఆ మేడలు ఖాళీ అయినవి. కాలేల్కర్ గ్రంథానికి సహజమైన పాఠకులు ఆ ఇండ్లలోనే ఉండేవారు.

స్పీక్ సంచిలో కూడా భారతదేశం నుంచి వచ్చిన పేర్లున్నవని మన పాఠకులలో కొద్దిమందికే తెలుసు. కాశిలో ఉండి పరిశోధనలు చేసిన ఫ్రాన్సిస్ విల్ఫర్డ్ అనే సైనికోద్యోగి, నైలునది జన్మస్థానం పురాణాలలో వర్ణింపబడి ఉన్నదని చెప్పి, పటంతో సహా ఏషియాటిక్ రిసర్చెస్‌లో ప్రకటించినాడు. అందులో సోమగిరి ఉన్నది, అమర సరోవరం ఉన్నది. తన పండితుడు పుటలు దిద్ది, లేని శ్లోకాలు చేర్చి తనను మోసగించినాడని విల్ఫర్డ్ 1805లో ఒప్పుకొన్నాడు. అయినా అరవై ఏండ్ల తరువాత స్పీక్ ఆ పటాన్ని నమ్మి తన గ్రంథంలో అచ్చువేసినాడు. ఒక పేదపండితుడు దొరగారిని సంతోషపెట్టటానికి కల్పించిన సరస్సు ఆఫ్రికా అన్వేషణ చరిత్రలో చోటు సంపాదించినది. మన పురాణాలలో అన్నీ ఉన్నవని చెప్పేవారు ఈ కథను ఎందుకో చెప్పరు.

సోమగిరి అన్న ఆ పేరుకు మూలం గ్రీకు భూగోళవేత్త టాలెమీ. నైలు పుట్టేది చంద్రపర్వతాల మంచులో నుంచి అని రెండవ శతాబ్దంలోనే ఆయన వ్రాసినాడు. ఉగాండా, కాంగో సరిహద్దున 5,109 మీటర్ల ఎత్తుకు లేచిన ర్వెన్‌జోరీ శిఖరాలే ఆ పర్వతాలని 19వ శతాబ్దం చివర స్టాన్లీ యాత్ర తరువాత పెక్కుమంది నిర్ణయించినారు. అదే పేరును 1937లో విభూతిభూషణ్ బందోపాధ్యాయ్ తన 'చాఁదేర్ పాహాడ్' నవలకు పెట్టినారు. ఆయన ఆఫ్రికా చూడలేదు. అన్వేషకుల గ్రంథాలు చదివి, వంగదేశపు పల్లెలో కూర్చొని, శంకర్ అనే పల్లెటూరి కుర్రవానిని ఉగాండా రైలుమార్గం పనికి పంపినారు.

చూడనివాని గ్రంథాన్ని యాత్రాసాహిత్య చర్చలోనికి తేవటం న్యాయమా అని అడుగవచ్చును. తేవాలనే నేనంటాను. చూచి వ్రాసినవారు దాచుకొన్న సంగతిని చూడనివాడు బయటపెడతాడు. అది యాత్రకు ముందు మనస్సులో ఉండే దేశం. శంకర్ ఒంటరిగా ఉన్న రైలు స్టేషను, రాత్రివేళ గుడిసె చుట్టూ తిరిగే సింహం, గడ్డిలో కదిలే నల్లని మాంబా పాము. ఇవన్నీ చదివిన పిల్లవాడు జీవితాంతం మరువడు. రైలుపనివారి మకాంలో సింహం నోట పడి చనిపోయే స్నేహితుడు తిరుమల్ అప్పా, మద్రాసు వైపు యువకుడు. దక్షిణదేశపు పాఠకుడు ఆ పేరు దగ్గర ఒక క్షణం ఆగుతాడు. తక్కినచోట పేర్లు పుస్తకాలనుంచి వచ్చినవే. గుహలో దాగి మనుషులను చంపే మృగం పేరు బునిప్. అది ఆస్ట్రేలియా ఆదివాసుల కథలలోనిది. ఆఫ్రికాకు అది కూడా మనవలెనే పరదేశి. విభూతిబాబు ప్రకృతివర్ణనలో అబద్ధం దొరకదు. ఆయన అడవిని ఎరిగినవారు, 'ఆరణ్యక్' వ్రాసినవారు. కాని ఆ అడవిలో బెంగాలీకి పేరున్నది, పోర్చుగీసు అల్వరేజ్‌కు పేరున్నది. బరువులు మోసిన ఆఫ్రికావానికి పేరు లేనట్లే. చదివిన ఇంగ్లీషు గ్రంథాలు ఆ పేర్లను ఆయనకు ఇవ్వలేదు.

మలయాళ రచయిత ఎస్.కె. పొట్టెక్కాట్ చూచి వ్రాసినవారు. 1949లో ఓడ ఎక్కి ఆఫ్రికాకు, ఐరోపాకు పోయినారు. 1951లో వచ్చిన గ్రంథం పేరు 'కాప్పిరికళుడె నాట్టిల్'. కాప్పిరిల నాట్లో అని అర్థం. తరువాతి గ్రంథాలలో 'సింహభూమి', 'నైల్ డైరీ' ఉన్నవి. ఆయన కండ్లు కోటలమీద కంటె సంతలమీద, పురావస్తువులమీద కంటె ప్రక్కన కూర్చొన్న ప్రయాణికునిమీద నిలుస్తవి. మన యాత్రికులలో ఈ గుణం అరుదైనది. అటువంటి మనిషి తన గ్రంథానికి ఈ పేరు ఎట్లా పెట్టినారు?

కాప్పిరి అన్నది అరబ్బీలో అవిశ్వాసిని తెలిపే కాఫిర్ శబ్దం నుంచి వచ్చినది. ఐరోపావారి నోట అది ఆఫ్రికా మనిషికి తిట్టుగా మారినది. మలయాళంలో మాత్రం దానికి మరియొక చరిత్ర కూడా ఉన్నది. పోర్చుగీసువారు కొచ్చికి బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల జ్ఞాపకం ఆ మాటలో ఉన్నది. కొచ్చిలో కాప్పిరి ముత్తప్పన్ అనే దైవానికి నేటికీ చుట్ట, కల్లు నైవేద్యం పెడుతున్నారు. చంపి పాతిపెట్టిన బానిస ఆత్మ అతడని నమ్మకం. కనుక కోళికోడు మనిషికి ఆ మాట వట్టి తిట్టు కాదు, తన తీరంలోనే పూడ్చిన ఒక శవం. ఈ సంగతి చెప్పి ఆ శీర్షికను సమర్థించటానికి నేను కొంతకాలం ప్రయత్నించినాను. ఇప్పుడు ఆ ప్రయత్నం మానుకొన్నాను. గ్రంథం తమనుగూర్చి వ్రాసినది గదా అని ఒక కెన్యా పాఠకునికి దానిని అందించవలసివస్తే మనం మొదట అట్టను దాచవలసివస్తుంది. పుస్తకంలోపలి మనిషితనానికి అట్టమీది పేరు సాక్ష్యం చెప్పటం లేదు. ఎదుటివాడు మన భాష చదువడన్న ధైర్యంతో వ్రాసిన యాత్రాగ్రంథాలు మన అన్ని భాషలలోనూ ఉన్నవి. పొట్టెక్కాట్ వారందరికంటె మంచివారు కాబట్టి ఆయనతోనే ఈ తగవు పెట్టుకొంటున్నాను.

ప్రాచీన నగరాల విషయంలో మన యాత్రికుల బలహీనత వేరొకటి. జాంజిబారు రాతిపట్టణపు ఇరుకు వీధులలో చెక్కిన తలుపులున్నవి. కొన్ని గుజరాతీ పనితనం. ఇత్తడి బొడిపెలు ఏనుగులను ఎదుర్కొనే మన కోటతలుపులను గుర్తుకు తెస్తవి. వాటి ఎదుట నిలుచున్న భారతీయుడు పొంగిపోవటం సహజం. నేనూ పొంగిపోయినాను. వీధి చివర పాత బానిస సంత స్థలంలో కట్టిన చర్చి ఉన్నది. ఆ సంత 1873లో మూతపడినది. 19వ శతాబ్దంలో దశాబ్దాలపాటు సుల్తాను సుంకాలను గుత్తకు తీసుకొని వసూలు చేసినది కచ్ నుంచి పోయిన వర్తకులు. ఆ సుంకాలలో బానిసల తలకు ఇంత అని కట్టినదీ ఉన్నది. తలుపును మనదని చెప్పుకొన్న యాత్రికుడు ఆ పద్దుపుస్తకాన్ని కూడా మనదని చెప్పుకోవాలి గదా! మన యాత్రాగ్రంథాలు తలుపు దగ్గరనే ఆగిపోతవి.

ఇక మృగాలు. నేటి యాత్రికునికి తూర్పు ఆఫ్రికా అంటే ముందుగా మృగాలే. సఫారీ అన్న మాట స్వాహిలీలో ప్రయాణమని మాత్రమే. మన సఫర్‌కు చుట్టం, రెండూ అరబ్బీ బిడ్డలు. సింబా అంటే సింహమని వినగానే మనవారికి సంస్కృతం గుర్తుకు వస్తుంది. అది బంటూ భాషల సొంత పదం, పోలిక కాకతాళీయం. ఇటువంటి చిన్న పొరపాట్లు క్షమింపదగినవి. క్షమించలేనిది 'పెద్ద ఐదు' అన్న జాబితా. ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న, సింహం, చిరుత. ఈ ఐదింటినీ చూచివచ్చినామని ఇటీవలి యాత్రారచనలు గర్వంగా లెక్క చెబుతున్నవి. కాలినడకన వేటాడి చంపటానికి అన్నింటికంటె కష్టమైనవని తెల్ల వేటగాండ్రు కట్టిన జాబితా అది. అహింసను జన్మహక్కుగా చెప్పుకొనే దేశపు రచయిత తుపాకి పట్టినవాని లెక్కను కెమెరాతో పూర్తిచేసి తిరిగి వస్తున్నాడు. జిరాఫీ ఆ జాబితాలో లేదు. ఏటేటా లక్షలాదిగా కదలిపోయే విల్డిబీస్టు మందలు లేవు. చిరుతకు చోటున్నది, దానికంటె వేగంగా పరుగెత్తే చీతాకు లేదు.

సెరెంగెటి అన్నది మసాయి మాట. అంతులేని మైదానమని దానికి అర్థం చెబుతారు. 1951లో అది జాతీయవనమైనది. 1959లో దాని సరిహద్దులు మార్చి, మసాయిలను పశువులతో సహా అక్కడినుంచి గోరోంగోరో వైపు పంపివేసినారు. అదే సంవత్సరం జర్మనీ జంతుశాస్త్రవేత్త బెర్నార్డ్ గ్రిజిమెక్ సెరెంగెటి చావకూడదన్న గ్రంథం, చలనచిత్రం లోకానికి ఇచ్చినాడు. మృగాలకు అవి మేలు చేసినవనటంలో సందేహం లేదు. నేడు మన యాత్రికుడు ఆ మైదానాన్ని చూచి, మనిషి అడుగు పడని ఆదిమభూమి అని వ్రాస్తాడు. పేరు పెట్టినవాడు అక్కడ నడచి ఉంటే తప్ప ఆ పేరు పుట్టదన్న ఆలోచన అతనికి తట్టదు. గోరోంగోరో బిలం అంచున తెల్లవారుజామున నిలిచి, సుమారు 600 మీటర్ల లోతున పొగమంచు విడివడుతుండగా చుక్కలవలె కదిలే మందలను నేను చూచినాను. అది వర్ణించటానికి నాకు శక్తి లేదు. ఒక మసాయి బాలుడు ప్రక్కన కర్ర ఆనించి నిలబడి, నేను చూస్తున్నదానిని కాక నన్ను చూస్తున్నాడు. నా దినచర్యలో ఆనాటి పుటలో మందలు ఉన్నవి, పొగమంచు ఉన్నది, బాలుడు లేడు. ఇతరులను విమర్శిస్తూ ఈ వ్యాసం వ్రాస్తున్నప్పుడు అతడు గుర్తుకు వచ్చినాడు.

చివరగా త్సావో. మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు వరకు 1896, 1901ల నడుమ వేసిన రైలుమార్గానికి భారతదేశం నుంచి సుమారు 32,000 మంది పనివారు పోయినారు. 2,500 మంది దాకా తిరిగిరాలేదు. 1898లో త్సావో నదిమీద వంతెన కడుతున్నప్పుడు రెండు సింహాలు నెలల తరబడి మకాంమీద పడి మనుషులను ఎత్తుకుపోయినవి. వంతెన పనికి అధికారియైన జె.హెచ్. పాటర్సన్ వాటిని చంపి, 1907లో గ్రంథం వ్రాసి లోకప్రసిద్ధుడైనాడు. 28 మంది భారతీయ కూలీలనీ, వారికి తోడు లెక్కకు ఎక్కని ఆఫ్రికన్లనీ ఆ గ్రంథంలో వ్రాసినాడు. తరువాత ఒకచోట 135 అన్నాడు. 2009లో సింహాల ఎముకలను, వెంట్రుకలను పరీక్షించినవారు ఇంచుమించు 35 అని అంచనా కట్టినారు. సింహాల తోళ్ళు 1924లో చికాగో మ్యూజియంకు చేరినవి. నేటికీ అక్కడ అద్దాల వెనుక నిలబడి ఉన్నవి. విభూతిబాబు తిరుమల్ అప్పాకు పుట్టుక ఈ కథలోనే అని నేను ఊహిస్తున్నాను.

పాటర్సన్ గ్రంథం చివర అనుబంధంలో ఒక పద్యం ఉన్నది. హిందుస్తానీలో చెప్పినది; అచ్చయినది మాత్రం ఇంగ్లీషు అనువాదమే. కర్త రోషన్ అనే మేస్త్రీ; రాళ్ళు చెక్కి వంతెన కట్టినవారిలో ఒకడు. తేదీ 1899 జనవరి 29. దైవస్తుతితో మొదలుపెట్టి, సింహాల భయం, పనివారి ఏడుపు, దొర సాహసం వరుసగా చెబుతాడు. దొరను పొగడటంలో అతిశయోక్తి ఉన్నది; ఆశ్రయించినవాడు గదా. పద్యం గొప్పదని నేను చెప్పను. అనువాదంలో దాని నడక ఏమైపోయినదో తెలుసుకొనే వీలు కూడా లేదు. కాని ఆఫ్రికా వన్యమృగాలనుగూర్చి, వాటి నడుమ రాత్రులు గడిపిన భారతీయుడు చెప్పిన కావ్యం ఇది. కాలేల్కర్ కంటె, పొట్టెక్కాట్ కంటె అరశతాబ్దం ముందుది. మన యాత్రాసాహిత్య సంకలనాలలో ఎక్కడా దీనిని నేను చూడలేదు. కూలికి పోయినవాడు యాత్రికుడు కాడని మనకు మనమే నిర్ణయించుకొన్నాము కాబోలు.

రోషన్ మేస్త్రీ ఆఫ్రికాలో దేనికీ పేరు పెట్టలేదు. దొర వెళ్ళిపోయినాడనీ, తాను మాత్రం ఆ దేశంలోనే దిగులుతో తిరుగవలసి ఉన్నదనీ చెప్పి, జరిగినది జరిగినట్లు చెప్పినానంటూ తన ఊరి పేరు, ఠాణా పేరు, జిల్లా పేరు వ్రాసుకొన్నాడు. జిల్లా జీలం.